అంతర్జాతీయ శాస్త్రీయ గిటారు ఉత్సవాలు, పోటీలు: విద్వత్తును నిర్ణయించే అధికారం

వ్యాససంగ్రహం

ఇరవయ్యో శతాబ్ది పూర్వార్ధంలో శాస్త్రీయ గిటారు వాదకుని స్థాయిని నిర్ణయించడంలో ఒక మహావిద్వాంసుని ఆమోదానికి ప్రాధాన్యం ఉండేది. ఉత్తరార్ధంలో ఆ అధికారం క్రమంగా పోటీల న్యాయనిర్ణేతల మండలులకు సంక్రమించింది. ఈ మార్పు ఎలా జరిగింది, మండలి తీర్పు ఎలాంటి వాదనాన్ని ప్రోత్సహిస్తుంది, దాని పరిమితులను ఉత్సవం ఎంతవరకు పూరిస్తుంది అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: శాస్త్రీయ గిటారు, సెగోవియా, తారెగా, పోటీ, ఉత్సవం, న్యాయనిర్ణయం.

1. ఉపోద్ఘాతం

శాస్త్రీయ గిటారు ఆరు తంత్రుల వాద్యం. కుడిచేతి వేళ్ళ కొనలతో, గోళ్ళతో తంత్రులను మీటుతారు. నేటి వాద్యానికి మూలరూపాన్ని స్పెయిన్‌కు చెందిన ఆంటోనియో దె టోరెస్ (1817–1892) తీర్చిదిద్దాడు. వాదన పద్ధతిని ఫ్రాన్సిస్కో తారెగా (1852–1909) సంస్కరించాడు. అయితే ఈ వాద్యం నాదం స్వల్పం. పియానో, వయొలిన్‌లతో పోలిస్తే దీనికోసం రాసిన పెద్ద కృతులూ తక్కువే. ఈ రెండు కారణాల వల్ల పాశ్చాత్య సంగీత విద్యాలయాలలో గిటారుకు సమాన స్థానం ఆలస్యంగా లభించింది.

ఈ లోటును పూరించినవారిలో ఆండ్రెస్ సెగోవియా (1893–1987) అగ్రగణ్యుడు. ఆయన గిటారును ప్రపంచ కచేరీ వేదికల మీదికి తెచ్చాడు. పోన్సె, టొరోబా, కాస్టెల్నువో–టెడెస్కో వంటి స్వరకర్తల చేత కొత్త కృతులు రాయించాడు. ఇటలీలోని సియెనాలో 1950 నుంచి, స్పెయిన్‌లోని సాంతియాగో దె కంపోస్తెలాలో 1958 నుంచి వేసవి తరగతులు నిర్వహించాడు. యువ వాదకునికి ఆయన ప్రశంస యోగ్యతాపత్రంతో సమానంగా ఉండేది. దీనివల్ల ఒక తరానికి ఉన్నత ప్రమాణం ఏర్పడింది. కాని ఒకే వ్యక్తి అభిరుచి ఆ ప్రమాణానికి ఎల్లగా కూడా మారింది.

2. పోటీల ఆవిర్భావం

పోటీలు ఈ అధికారాన్ని పలువురికి పంచాయి. పారిస్‌లో ఫ్రెంచి రేడియో పక్షాన రాబర్ట్ విడాల్ ప్రారంభించిన పోటీ వీటిలో తొలితరానికి చెందినది. బ్రెజిల్ వాదకుడు టురీబియో సాంటోస్ 1965లో ఇక్కడే విజేత అయ్యాడు. తారెగా జన్మస్థలం విల్లారియాల్ ఉన్న కాస్తెయోన్ రాష్ట్రంలోనే, బెనికాసిమ్ పట్టణంలో ఆయన పేరిట 1967లో పోటీ మొదలైంది. మరుసటి ఏడాది ఇటలీలోని అలెస్సాండ్రియాలో మరొకటి ఆరంభమైంది. నేడు అది మిఖేలె పిట్టలూగా పేరుతో ప్రసిద్ధం. అమెరికాలో 1973లో ఏర్పడిన గిటార్ ఫౌండేషన్ ఆఫ్ అమెరికా 1982 నుంచి అంతర్జాతీయ పోటీ నిర్వహిస్తోంది.

3. మండలి తీర్పు: ఒక ఊహాత్మక ఉదాహరణ

ఈ పోటీలు సాధారణంగా ప్రాథమిక, ఉపాంత్య, అంతిమ దశలుగా సాగుతాయి. న్యాయనిర్ణేతలు విడివిడిగా మార్కులు వేస్తే వాటి సగటును తీసుకోవడం ఒక పద్ధతి. ఇది నిష్పాక్షికంగా కనిపిస్తుంది. కాని సగటుకు తనదైన స్వభావం ఉంది.

25 మార్కులకు ఐదుగురు తీర్పు చెప్పారనుకుందాం. మొదటి అభ్యర్థికి వరుసగా 24, 24, 24, 17, 16 వచ్చాయి. రెండవ అభ్యర్థికి అందరూ 22 వేశారు. ఐదుగురిలో ముగ్గురి దృష్టిలో మొదటి అభ్యర్థియే శ్రేష్ఠుడు. అయినా అతని సగటు 21, రెండవవాని సగటు 22. కనుక గెలుపు రెండవవానిదే. అత్యధిక, అత్యల్ప మార్కులను తొలగించినా మొదటివాని సగటు 21.67 దగ్గరే ఆగుతుంది. ఫలితం మారదు.

దీన్నిబట్టి సగటు పద్ధతి ఎవరూ ఆక్షేపించని వాదనానికి అనుకూలమని తెలుస్తుంది. తప్పిపోయిన స్వరాన్ని ఐదుగురూ గుర్తిస్తారు. సాహసోపేతమైన వ్యాఖ్యానం విషయంలో మాత్రం వారిలో వారికే భేదాభిప్రాయం కలుగుతుంది. ఆ సంగతి తెలిసిన అభ్యర్థి సాహసాన్ని తగ్గించి నిర్దుష్టతను సాధన చేస్తాడు. పోటీ విద్వత్తును కొలవడంతో ఆగక, దాని స్వరూపాన్నే మారుస్తుందనడానికి ఇదే ఆధారం.

4. కృతుల ఎంపిక

బెనికాసిమ్, అలెస్సాండ్రియా పోటీల అంతిమ దశలో వాదకుడు ఆర్కెస్ట్రాతో కలిసి వాయించాలి. గిటారుకు ప్రసిద్ధి పొందిన కన్‌చేర్టోలు కొద్దే కావడం వల్ల, 1940లో బార్సెలోనాలో తొలిసారి ప్రదర్శితమైన రోడ్రిగో రచన ‘కన్‌చేర్టో దె అరాన్హుయెజ్’ వంటి కొన్నింటి వైపే అభ్యర్థులు మొగ్గుతారు. బహుపరిచితమైన కృతిలో వాదకుని సొంత ఆలోచనను, అనుకరణను వేరుచేయడం కష్టం.

అమెరికా సంస్థ అనుసరించిన పద్ధతి దీనికి భిన్నం. అక్కడ అంతిమ దశ ఏకవాద్య కచేరీ. అంతకుముందు దశలో, పోటీకోసమే రాయించిన కొత్త కృతిని అందరూ వాయించాలి. అనుకరించడానికి పాత ధ్వనిముద్రణలు ఉండవు కనుక, స్వరలిపిని అభ్యర్థి స్వయంగా ఎలా అర్థం చేసుకున్నాడో స్పష్టంగా వెల్లడవుతుంది. గిటారు సాహిత్యానికి ఒక కొత్త రచన చేరడం అదనపు ప్రయోజనం.

5. ఉత్సవం పాత్ర

పోటీ ఒక్కరిని ఎన్నుకొంటుంది. ఉత్సవం అందరినీ ఒకచోట కూర్చుతుంది. అమెరికా సంస్థ వార్షిక సమావేశంలో పోటీతోపాటు విద్వాంసుల కచేరీలు, బహిరంగ బోధన తరగతులు, పరిశోధన ప్రసంగాలు, వాద్యనిర్మాతల ప్రదర్శనలు ఉంటాయి. తొలిదశలోనే నిష్క్రమించిన అభ్యర్థి కూడా మర్నాడు ఒక ప్రముఖుని ఎదుట వాయించి సూచనలు పొందవచ్చు. మార్కు చెప్పలేని కారణాన్ని బోధన తరగతి చెబుతుంది. పోటీ ఫలితం అతనికి ఎక్కడ ఆగిపోయాడో తెలిపితే, ఉత్సవం ముందుకు ఎలా సాగాలో తెలుపుతుంది.

పోటీ పరిధిని దాటిన విజేతకు ఉదాహరణ జపాన్‌కు చెందిన కజుహితో యామషితా. 1977లో పదహారేళ్ళ వయస్సులో స్పెయిన్, ఇటలీ, ఫ్రాన్స్ దేశాల మూడు ప్రధాన పోటీలలో ఆయన ప్రథమ బహుమతి గెలిచాడు. అయినా గిటారు చరిత్రలో ఆయనకు విశిష్ట స్థానం తెచ్చినది ముసోర్గ్‌స్కీ పియానో రచన ‘పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్’ను ఒంటరి గిటారుకు మలచిన సాహసం. బహుమతులు ఆయన సామర్థ్యాన్ని ముందే గుర్తించాయి. ఆ సామర్థ్యాన్ని ఏ దిశకు నడపాలో నిర్ణయించుకొన్నది ఆయనే.

6. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. పోటీలు విద్వత్తును గుర్తించే అధికారాన్ని ఒక వ్యక్తి నుంచి మండలికి మార్చాయి. అందువల్ల వివిధ దేశాల వాదకులకు అవకాశం విస్తరించింది.

2. సగటు మార్కుల పద్ధతి నిర్దుష్టతకు పెద్దపీట వేస్తుంది. భిన్నమైన వ్యాఖ్యానానికి అది ప్రతికూలం కావచ్చు.

3. కొత్త కృతిని నిర్ణీతాంశంగా ఉంచడం, బోధన తరగతులను జోడించడం ఈ లోపాన్ని కొంత సవరిస్తాయి.

గురుముఖ సంప్రదాయంలో రూపొందిన మన సంగీతకారులు కూడా ఆకాశవాణి శ్రేణి నిర్ణయాన్ని ఎదుర్కొన్నవారే. కాబట్టి మండలి తీర్పు కళను ఎలా మలుస్తుందన్న ప్రశ్న గిటారుకే పరిమితం కాదు. ఆ దిశలో తులనాత్మక పరిశోధనకు విస్తృతమైన అవకాశం ఉంది.