ఇంకు నిజంగా అయిపోయిందా, అయిపోయిందని ప్రింటర్ లెక్క కట్టిందా?

తెల్లారితే పరీక్ష. హాల్ టికెట్ ప్రింట్ తీద్దామంటే ప్రింటర్ మీద నారింజ రంగు లైటు వెలుగుతుంది, కంప్యూటర్ తెర మీద ఇంకు గురించి ఓ హెచ్చరిక వస్తుంది. చాలామంది వెంటనే కొత్త కార్ట్రిడ్జ్ కొనుక్కొస్తారు. అది పెట్టాక కూడా లైటు ఆరకపోతే ప్రింటర్ పాడైందనుకుంటారు. నిజానికి ఇంకు పేరుతో వచ్చే ఇబ్బందులు నాలుగు రకాలు: ఇంకు తగ్గిందన్న హెచ్చరిక, ఇంకు నిజంగానే అయిపోవడం, కార్ట్రిడ్జ్‌ను ప్రింటర్ గుర్తించకపోవడం, ఇంకు ఉన్నా కాగితం మీదికి రాకపోవడం. కచ్చితంగా ఇంకు కొనక తప్పనిది రెండో రకానికే. మిగతా మూడూ చాలాసార్లు పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే సర్దుకుంటాయి.

ఇంకు ఎంత ఉందో ప్రింటర్‌కు ఎలా తెలుస్తుంది?

ఇళ్లలో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్లు చాలావరకు ఇంకును కొలవవు, ఖర్చును లెక్కపెడతాయి. ప్రింట్ హెడ్ అడుగున వెంట్రుక కన్నా సన్నని రంధ్రాలుంటాయి. వీటిని నాజిళ్లు అంటారు. ఎప్సన్ ఎల్3110లో నలుపుకు 180, మిగతా మూడు రంగులకు ఒక్కోదానికి 59 చొప్పున మొత్తం 357 నాజిళ్లున్నాయి. అవి చిమ్మే అతి చిన్న చుక్క 3 పికోలీటర్లు. లీటరును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం పికోలీటరు. ఈ లెక్కన 65 మిల్లీలీటర్ల సీసాలో అలాంటి చుక్కలు సుమారు 2,166 కోట్లు.

చిమ్మిన చుక్కలను కూడుకుంటూ, మొదట ఉన్న ఇంకులోంచి తీసేస్తూ, ఇంకా ఇంత మిగిలి ఉండాలని ప్రింటర్ అంచనా వేస్తుంది. గ్యాస్ బండ మార్చిన తేదీని క్యాలెండర్ మీద రాసుకుని, ఇంకో వారంలో అయిపోతుందని లెక్క వేసుకుంటాం కదా, ఇదీ అంతే. లెక్క దగ్గరగానే ఉంటుంది కానీ లోపలికి చూసి చెప్పింది కాదు.

మరి ముందే ఎందుకు హెచ్చరిస్తుంది?

హెడ్ పాడవకుండా. హెచ్‌పీ, కేనన్ ఇంటి ప్రింటర్ల హెడ్‌లో అతి చిన్న హీటర్లుంటాయి. అవి ఇంకును క్షణంలో వేడెక్కించి బుడగ పుట్టిస్తాయి, ఆ ఒత్తిడికి చుక్క బయటికి దూకుతుంది. ఆ హీటర్‌ను చల్లబరిచేది కూడా ఇంకే. ఇంకు లేకుండా హీటర్ పనిచేస్తే కాలిపోయే ప్రమాదం ఉంది. అందుకే కొంచెం మిగిలి ఉండగానే ప్రింటర్ చెబుతుంది.

కాబట్టి ఇంకు తగ్గిందన్న హెచ్చరిక వచ్చినా అక్షరాలు నల్లగా, స్పష్టంగా పడుతుంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. కార్ట్రిడ్జ్‌తో నడిచే కేనన్ పిక్స్‌మా మోడళ్లు చాలావాటిలో ఈ13 లేదా ఈ16 అని చూపించి ప్రింటర్ ఆగిపోతుంది. స్టాప్ బటన్‌ను కనీసం 5 సెకన్లు నొక్కి పట్టుకుంటే మళ్లీ ప్రింట్ ఇస్తుంది. ఆ తర్వాత ఆ కార్ట్రిడ్జ్‌లో ఇంకు ఎంతుందో మాత్రం చూపించదు. అక్షరాలు వెలిసిపోయినట్టు పడటం మొదలైతే ఇక ఆపేయాలి. ఇంకు నిజంగా అయిపోయిందనడానికి అదే గుర్తు.

ట్యాంకు ప్రింటర్ అయితే?

కంటితో చూడటమే నమ్మకం. ట్యాంకు ముందు పక్క నుంచి ఇంకు మట్టం కనబడుతుంది. కింది గీత దాకా దిగకముందే నింపాలి. దాటి దిగితే గొట్టాల్లోకి గాలి చేరుతుంది, దాన్ని బయటికి పంపడానికి చాలా ఇంకు ఖర్చవుతుంది. కేనన్ జీ2010 లాంటి వాటిలో ఇంకు నింపాక, నింపామని కంప్యూటర్‌లోని సెట్టింగులో తెలియజేయాలి. లేకపోతే పాత లెక్కే కొనసాగి, ట్యాంకు నిండుగా ఉన్నా హెచ్చరిక వస్తుంది.

పెట్టె మీద 480 పేజీలన్నారు, సగం కూడా రాలేదేం?

హెచ్‌పీ 682 నలుపు కార్ట్రిడ్జ్‌కు సుమారు 480 పేజీలు, మూడు రంగుల కార్ట్రిడ్జ్‌కు 150 అని కంపెనీ చెబుతుంది. ఎప్సన్ 003 నలుపు సీసాకు 4,500. మూడు రంగుల సీసాలూ కలిపి 7,500. ఈ అంకెలు నమూనా పేజీలను ఆపకుండా ప్రింట్ చేసి చూసినవి. ఆ పేజీల్లో ఒక్కో రంగు పరుచుకునేది కాగితంలో దాదాపు 5 శాతమే. ఏ4 కాగితం వైశాల్యం 624 చదరపు సెంటీమీటర్లు. అందులో 5 శాతమంటే 31, రెండు అగ్గిపెట్టెలు పరిచినంత జాగా. పిల్లల ప్రాజెక్టు కోసం పేజీ నిండా ముదురు బొమ్మ వేస్తే ఒక రంగు 20 రెట్ల దాకా ఖర్చు కావచ్చు. 150 పేజీల కార్ట్రిడ్జ్ పదిహేను ఇరవై బొమ్మలకే చేతులెత్తేయడంలో ఆశ్చర్యం లేదు.

మూడు రంగులూ ఒకే డబ్బాలో ఉంటే ఇంకో నష్టం: నీలం ఒక్కటి అయిపోయినా ఎరుపు, పసుపు మిగిలి ఉండగానే మొత్తం డబ్బా మార్చాలి.

మామూలు అక్షరాలకు నిజానికి ఇంకు చాలా తక్కువ పడుతుంది. 65 మిల్లీలీటర్లకు 4,500 పేజీలంటే, 5 మిల్లీలీటర్ల టీ స్పూను ఇంకుతో దాదాపు 346 పేజీలు. కొనేముందు ధరను పేజీల సంఖ్యతో భాగించి చూడండి. కార్ట్రిడ్జ్ 900 రూపాయలనుకుంటే 480 పేజీలకు పేజీ 1 రూపాయి 87 పైసలు. సీసా 350 అనుకుంటే 4,500 పేజీలకు పేజీ 8 పైసలు. మీ ఊళ్లో ధరలు వేరు కావచ్చు, లెక్క చేసే పద్ధతి ఇదే.

కొత్త కార్ట్రిడ్జ్ పెట్టినా గుర్తించడం లేదెందుకు?

మొదట నాజిళ్ల మీద అంటించిన టేపు తీశారా, నలుపు, రంగు వేటి గదిలో అవి ఉన్నాయా చూడండి. తర్వాత కార్ట్రిడ్జ్ మీదున్న రాగి రంగు చుక్కలను చూడండి. ప్రింటర్‌తో మాట్లాడేది వాటి ద్వారానే. వాటి మీద ఇంకు గానీ దుమ్ము గానీ ఉంటే, నూగు రాలని గుడ్డను డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపి తుడవండి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే నీళ్లు ఇవే. పది నిమిషాలు ఆరనిచ్చి పెట్టండి. నాజిళ్లను మాత్రం తాకొద్దు. అప్పటికీ గుర్తించకపోతే ప్రింటర్ ఆన్‌లో ఉండగానే కరెంటు తీగ పీకి, 60 సెకన్లు ఆగి మళ్లీ పెట్టండి.

తక్కువ ధరకు దొరికే వేరే కంపెనీ కార్ట్రిడ్జ్‌ల విషయంలో ఒక జాగ్రత్త. హెచ్‌పీ ప్రింటర్లు కొన్ని సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత, తమవి కాని చిప్‌లున్న కార్ట్రిడ్జ్‌లను తిరస్కరించవచ్చు. కార్ట్రిడ్జ్‌ను ఒకే ప్రింటర్‌కు పరిమితం చేసే రక్షణ సెట్టింగుతో వాడినది మరో ప్రింటర్‌లో పనిచేయకపోవచ్చు. కొనేముందు దుకాణంలో మీ మోడల్ నంబరు చెప్పి అడగండి.

అర్జంటుగా ఒక్క పేజీ కావాలంటే ఓ దారి ఉంది. హెచ్‌పీ డెస్క్‌జెట్ మోడళ్లు చాలావాటిలో ఖాళీ కార్ట్రిడ్జ్‌ను బయటికి తీసేస్తే మిగిలినదానితోనే ప్రింట్ వస్తుంది. నలుపు లేకపోతే రంగులు కలిసి బూడిద రంగులో అక్షరాలు పడతాయి. హాల్ టికెట్‌కు అది చాలు.

ఇంకు ఉంది, అయినా తెల్ల గీతలు పడుతున్నాయి. ఎందుకు?

నాజిళ్లలో ఇంకు ఎండిపోయి ఉంటుంది. ముందు నాజిల్ చెక్ ప్రింట్ తీయండి. ఏ రంగు నాజిళ్లు మూసుకున్నాయో చూపించే ఒక్క పేజీ అది. ఎక్కడైనా గీత తెగితే హెడ్ క్లీనింగ్ చేయండి. బాగుపడలేదని వరసగా పదిసార్లు చేయొద్దు. ఎల్3110 లాంటి వాటికి ఎప్సన్ చెప్పే పద్ధతి ఇది: మూడుసార్లు చేసినా మారకపోతే కనీసం 12 గంటలు ఏమీ ప్రింట్ చేయకుండా వదిలేసి మళ్లీ ప్రయత్నించాలి. కేనన్ అయితే డీప్ క్లీనింగ్ చేసి, ఆపేసి, 24 గంటలు ఆగి మరోసారి చేయమంటుంది. ఈ విరామంలో ఎండిన ఇంకు నానుతుంది, గాలి బుడగలు సర్దుకుంటాయి.

క్లీనింగ్ ఉచితం కాదన్నది గుర్తుంచుకోవాలి. కడగడానికి వాడేది ట్యాంకులోని ఇంకునే. అదంతా ప్రింటర్ అడుగున పీల్చుకునే ప్యాడ్‌లోకి వెళుతుంది. ప్యాడ్ నిండిందని లెక్క తేలితే ప్రింటర్ పూర్తిగా ఆగిపోతుంది. కేనన్‌లో దానికి గుర్తు 5బీ00. అప్పుడు కొత్త ఇంకు కొన్నా లాభం లేదు, సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లాల్సిందే.

ఇవేవీ రాకుండా ఏం చేయాలి?

రెండు అలవాట్లు చాలు. మొదటిది, ప్రింటర్‌ను దాని బటన్‌తోనే ఆపి, లైటు ఆరాక గోడ స్విచ్ ఆపడం. బటన్ నొక్కితే హెడ్ తన చోటికి చేరుతుంది, నాజిళ్లకు మూత పడుతుంది. నేరుగా స్విచ్ ఆపేస్తే మూత సరిగా పడకపోవచ్చు. మన ఎండాకాలపు వేడికి ఇంకు త్వరగానే ఎండుతుంది. రెండోది, పని ఉన్నా లేకున్నా వారానికో రంగుల పేజీ తీయడం. దానికయ్యే ఖర్చు, ఒక్కసారి హెడ్ క్లీనింగ్‌కు అయ్యేదానికన్నా తక్కువ.

ఈసారి ఇంకు లైటు వెలిగినప్పుడు దుకాణానికి బయలుదేరే ముందు ఈ వరస పాటించండి: ట్యాంకు ఉంటే మట్టం చూడండి, నాజిల్ చెక్ పేజీ తీయండి, రాగి చుక్కలు తుడవండి. ఈ మూడూ అయ్యాక కూడా అక్షరం వెలిసే ఉంటే, అప్పుడు కొనండి.