బరువు చూశాం, ఎత్తు చూశాం... మరి మనసు?

పిల్లల డాక్టరుగా ఒక చిన్న పట్నంలో 22 ఏళ్ళుగా ప్రాక్టీసు చేస్తున్నాను. జలుబు, జ్వరం, విరేచనాలతో వచ్చే పిల్లల సంగతి తేలికే. చిక్కంతా "ఊరికే కడుపునొప్పంటున్నాడండీ" అని తీసుకొచ్చే పిల్లలతోనే. స్కానింగు బాగానే ఉంటుంది. రక్తం, మూత్రం అన్నీ నార్మల్. నులిపురుగుల మందు అప్పటికే రెండుసార్లు వేసి ఉంటారు. ఆదివారం నొప్పి ఉండదు, సోమవారం పొద్దున్నే యూనిఫాం తొడగబోతే మొదలవుతుంది. "బడి ఎగ్గొట్టడానికి నాటకాలండీ" అని నాన్న కసురుతాడు. "దిష్టి తగిలింది" అని నాయనమ్మ అంటుంది. నొప్పి మాత్రం నిజమేనండీ. భయపడ్డ పిల్లాడికి కడుపులో నిజంగానే మెలిపెడుతుంది.

ఇలాంటి వాళ్ళ కోసం మా క్లినిక్‌లో ఒక కాగితం ఉంచుతాను. అమ్మ టోకెను తీసుకుని కూర్చున్నప్పుడు నర్సు ఆ కాగితం, పెన్నూ చేతికిస్తుంది. 35 ప్రశ్నలు. నింపడానికి ఐదు నిమిషాలు చాలు. దీని పేరు 'పీడియాట్రిక్ సింప్టమ్ చెక్‌లిస్ట్'. అమెరికాలో, బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌కి చెందిన మైకేల్ జెల్లినెక్, మైకేల్ మర్ఫీ, వాళ్ళ బృందం 1980లలో తయారుచేసింది. ప్రశ్నలేవీ బ్రహ్మవిద్య కాదు. నొప్పులంటాడా, నిద్ర సరిగా పడుతుందా, ఒంటరిగా కూర్చుంటున్నాడా, తోటిపిల్లలతో కొట్లాడుతున్నాడా, మార్కులు తగ్గాయా, మునుపటికంటే ఎక్కువగా మీ కొంగు పట్టుకు తిరుగుతున్నాడా... ఇలాంటివే. 'ఎప్పుడూ లేదు' అంటే సున్నా, 'అప్పుడప్పుడు' అంటే 1, 'తరచు' అంటే 2. ఆరు నుంచి పదహారేళ్ళ పిల్లలకి మొత్తం 28, లేదా అంతకు మించితే ఇంకొంచెం లోతుగా చూడాలని లెక్క. 1999లో 17 ప్రశ్నల పొట్టి కాగితం కూడా వచ్చింది. అందులో 15 దాటకూడదు, 15 వచ్చినా చూడాల్సిందే.

పిల్లల డాక్టరు దగ్గరే ఎందుకంటారా? మానసిక వైద్యుడి దగ్గరికి మనంతట మనం వెళ్ళం కనక. టీకాకో దగ్గుకో మా దగ్గరికి అందరూ వస్తారు. పైగా ఊరికే చూసి కనిపెట్టేస్తామని మా డాక్టర్లకుండే నమ్మకం అంత గట్టిది కాదు. కాగితం లేకుండా చూస్తే ఇలాంటి పిల్లల్లో సగానికి పైగా మా కళ్ళు దాటిపోతారని అమెరికాలో పాత అధ్యయనాలే తేల్చాయి. మసాచుసెట్స్‌లో కోర్టు తీర్పు తర్వాత, ప్రభుత్వ వైద్య బీమా ఉన్న పిల్లలందరికీ మామూలు చెకప్‌లోనే ఇలాంటి పరీక్ష చెయ్యాలని 2007 డిసెంబరు 31 నుంచి నియమం పెట్టారు.

"మా వాడికి పిచ్చా?"

కాగితం ఇవ్వగానే చాలామంది అడిగే మొదటి మాట ఇదే. కాదమ్మా, జ్వరం చూసే థర్మామీటరు లాంటిదే ఇదీ అంటాను. వేడి ఉందని చెబుతుంది, అది మలేరియానా టైఫాయిడా అన్నది చెప్పదు. ఉబ్బసంతో రాత్రిళ్ళు నిద్రలేని ఒక పాపకి 28 వచ్చింది. మనసులో ఏ బాధా లేదు, ఇన్‌హేలరు సరిగా వాడటం నేర్పితే తగ్గిపోయింది.

ఇంకో సంగతి. పక్కన అత్తగారు కూర్చుంటే అన్నిటికీ 'ఎప్పుడూ లేదు' అనే టిక్కు పెడతారు! అందుకే ఇప్పుడు ఆ కాగితం నింపే కుర్చీని పక్కగదిలో వేయించాను.

పైన చెప్పిన సోమవారం కడుపునొప్పి తొమ్మిదేళ్ళ పిల్లాడిది. వాడికి 31 వచ్చింది. వాళ్ళమ్మను బయట కూర్చోబెట్టి వాణ్ణి అడిగాను. "చదవమంటే అక్షరాలు కలిసిపోతాయి ఆంటీ. టీచరు బయట నిలబెడతారు" అన్నాడు. తెలివికేం లోటు లేదు. చదవడంలోనే ఇబ్బంది, డిస్లెక్సియా అంటారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం దీన్నీ గుర్తించింది. చదువు చెప్పే పద్ధతి మార్చాక మాత్రలు లేకుండానే నొప్పి పోయింది.

అందరి కథా ఇలా ఉండదు. పదమూడేళ్ళ అమ్మాయి, తలనొప్పని వచ్చింది. అమ్మ పెట్టిన టిక్కులకే 34. నాతో ఒంటరిగా ఉన్నప్పుడు ఏమీ చెప్పలేదు, గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది. మానసిక వైద్యురాలికి చూపించమని చీటీ రాస్తే వాళ్ళ నాన్న, "రేపు సంబంధాలు రావద్దా డాక్టరుగారూ" అని చీటీ బల్లమీదే వదిలి వెళ్ళిపోయాడు. రెండుసార్లు ఫోన్ చేయించాను. మళ్ళీ రాలేదు.

2015-16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య కనిపించింది. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మన రెండూ లేవు. అయినా నలభైమంది ఉన్న తరగతిలో ముగ్గురని లెక్క వేసుకోవచ్చు. వీళ్ళలో ఎంతమందిని ఏ డాక్టరైనా "నిద్ర పడుతోందా నాన్నా" అని అడిగుంటారు?

మీ డాక్టరు కాగితం ఇవ్వకపోతే మీరే అడగండి. లేదంటే నెలరోజులుగా పిల్లల తిండి, నిద్ర, బడి, స్నేహితుల విషయంలో వచ్చిన మార్పులు రాసి తీసుకెళ్ళండి. వాళ్ళ ముందే "మొండిఘటం" అని చెప్పకండి, కాగితం డాక్టరు చేతికిస్తే చాలు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకీ సర్కారు బడులకీ వచ్చే డాక్టర్లు ఎదుగుదలలో ఆలస్యాన్ని కూడా చూస్తారు. ఆ రోజు బిడ్డను మానిపించొద్దు. చచ్చిపోవాలనుందని పిల్లలు ఒక్కసారి అన్నా మార్కులు కూడుకుంటూ కూర్చోకండి, వాళ్ళను ఒంటరిగా వదలకుండా అదే రోజు తీసుకెళ్ళండి. 2022 అక్టోబరులో కేంద్రం పెట్టిన టెలి మానస్ నంబరు 14416. డబ్బులేమీ కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.