శుక్రకణాలకు దాది కణాలు

బాగా మగ్గిన అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలను మీరు చూసే ఉంటారు. వాటి జాతికి చెందినదే జన్యుశాస్త్రవేత్తలకు ప్రియమైన డ్రోసోఫిలా మెలనోగాస్టర్. దాని పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు. కాని ఈ ఈగ శుక్రకణం పొడవు దాదాపు 1.8 మిల్లీమీటర్లు! అంటే మనిషి శుక్రకణం కన్నా సుమారు 30 రెట్లు ఎక్కువ. ఇంత పొడవైన కణం ఒంటరిగా తయారవుతుందా? కాదు. దానికి దాదుల్లాంటి కణాలు తోడుంటాయి.

ఈగ వృషణం కొనలో కొన్ని కేంద్ర కణాలుంటాయి. వాటిని ఆనుకొని బీజ మూలకణాలు ఉంటాయి. మూలకణం విభజన చెందినప్పుడు ఒక పిల్లకణం అక్కడే నిలిచిపోతుంది, రెండోది దూరంగా జరుగుతుంది. వెంటనే రెండు తొడుగు కణాలు దాన్ని చుట్టుకుంటాయి. లోపలి కణం నాలుగుసార్లు విభజన చెంది 16 కణాలవుతుంది. తరువాత క్షయకరణ విభజనలో ఒక్కొక్కటి నాలుగవుతుంది. మొత్తం ఎన్నో లెక్కవేయండి: 64! తొడుగు కణాలు మాత్రం చివరిదాకా రెండే. అవి విభజన చెందవు. పెరుగుతూ లోపలి కణాలన్నింటినీ కప్పి ఉంచుతాయి.

ఏ జన్యువు ఎప్పుడు?

ఈగలోని కణాలన్నింటిలోనూ దాదాపు ఒకే జన్యువులున్నాయి. ఏ కణంలో ఏ జన్యువు పనిచేస్తుందన్నదే తేడా. జన్యువులోని సమాచారం ఆర్.ఎన్.ఎ.గా, సాధారణంగా దాని నుంచి ప్రోటీనుగా మారడాన్నే జన్యు అభివ్యక్తి అంటారు.

తొడుగు కణాలకు జన్మనిచ్చే మూలకణాల్లో జెడ్.ఎఫ్.హెచ్-1 అనే జన్యువు చురుకుగా ఉంటుంది. కణం కొన నుంచి దూరమయ్యాక అది తగ్గిపోవాలి. తగ్గకుండా చేస్తే ఏమవుతుంది? తొడుగు కణాలు మూలకణాల్లాగే పెరిగిపోతాయి. అంతేకాదు, పక్కనున్న బీజకణాలు కూడా మూలకణాలుగానే పోగుపడతాయని 2008లో తేలింది. తరువాతి దశలో ‘ఐస్ ఆబ్సెంట్’ అనే జన్యువు పనిచేయాలి. కంటి నిర్మాణానికి అవసరమైన ఈ జన్యువు తొడుగు కణాల్లో లోపిస్తే, లోపలి బీజకణాలు సరిగా ఎదగలేవు.

సంభాషణ రెండువైపులా సాగుతుంది. బీజకణాలు స్పిట్జ్ అనే ప్రోటీనును పంపుతాయి. తొడుగు కణాల గ్రాహకాలు దాన్ని అందుకోలేకపోతే అవి బీజకణాలను చుట్టుకోవు. అప్పుడు బీజకణాలు తొలి దశలోనే ఆగి గుంపుగా పేరుకుపోతాయి.

ఇప్పుడు ఒక్కొక్క కణకేంద్రకంలోని ఆర్.ఎన్.ఎ.ను విడివిడిగా చదవగలుగుతున్నారు. 2022లో వెలువడిన ఈగ కణపటం ఇలా తయారైనదే.

మనకేమిటి సంబంధం?

మన వృషణాల్లోనూ ఇలాంటి సహాయక కణాలున్నాయి. 1865లో ఇటలీకి చెందిన ఎన్రికో సెర్టోలి వాటిని వర్ణించాడు. శుక్రకణాలు తయారుకాకపోతే లోపం బీజకణంలోనే ఉండనక్కరలేదు, దాన్ని పెంచే దాది కణంలోనూ ఉండవచ్చు. సంతానలేమికి కారణాలు వెతికే పరిశోధకులకు ఈగ నేర్పిన పాఠం ఇదే.