రెండు బడుల నడుమ కొండబిడ్డ

ఒక దేశముయొక్క విద్యావ్యవస్థను తెలిసికొనగోరువారు సాధారణముగా రాజధానికి పోయి, అచ్చటి శాఖలను, సంఘములను, చట్టములను చూచి వచ్చెదరు. మేము పాఠకులను వేరొక దారిని తీసికొనిపోదలచితిమి. విజయనగరమునుండి కోరాపుటునకు పోవు బాటలో, తూర్పు కనుమల పాదమున సాలూరు పట్టణము గలదు. లారీల యూరని దానికి పేరు. 2022 వరకు విజయనగరము జిల్లాలోనుండి, ఆ యేట పార్వతీపురము మన్యము జిల్లాలో చేరినది. దానికి ఎగువ కొండలలో కొఠియా గ్రామములున్నవి. మన విద్యావ్యవస్థలోని లోపము అచ్చట కనబడినంత స్పష్టముగా మరియొకచోట కనబడదు.

ముందుగా వ్యవస్థాస్వరూపమును సంగ్రహముగా చెప్పుదుము. 1950 లో రాజ్యాంగము అమలునకు వచ్చినపుడు విద్య ముఖ్యముగా రాష్ట్రముల వశమున నుండెను. 1976 నాటి 42 వ సవరణచే అది ఉమ్మడి జాబితాకు మారెను. నాటినుండి కేంద్రమును, రాష్ట్రమును గూడ చట్టము చేయవచ్చును; రెంటికి వైరుధ్యము కలిగినచో సాధారణముగా కేంద్రచట్టమే చెల్లును. చదువు మెట్లను నిర్ణయించు జాతీయవిధానములు 1968, 1986, 2020 సంవత్సరములలో వెలువడినవి. పాఠ్యప్రణాళికకు మాదిరి చూపుటకు 1961 నుండి ఢిల్లీలో ఎన్.సి.ఇ.ఆర్.టి. పనిచేయుచున్నది. కాని ఊరిబడికి ఉపాధ్యాయుని పంపునది, వాచకమిచ్చునది, పరీక్ష జరిపి యోగ్యతాపత్రము వ్రాయునది రాష్ట్రమే. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము 6 మొదలు 14 ఏండ్ల వయస్సుగల ప్రతి బిడ్డకును ఉచిత విద్యను హక్కుగా ప్రసాదించినది. ఇంతకును తేలినదేమనగా, హక్కు దేశమిచ్చినది. బడి రాష్ట్రము పెట్టినది. రాష్ట్రమేదో తేలనిచోట ఆ హక్కు గతియేమి?

1936 ఏప్రిల్ 1 న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనపుడు విశాఖపట్టణము జిల్లానుండి జయపురము సీమ విడిపోయి కోరాపుటు జిల్లా అయ్యెను. ఆ విభజనలో ఈ కొండలమీద గీత సరిగా పడలేదు. సుమారు 21 గ్రామములు తమవని ఒడిశాయు, తమవని ఆంధ్రమును వాదించుచు వచ్చినవి. 1968 లో తగవు సుప్రీంకోర్టున కెక్కెను. యథాతథస్థితిని పాటింపుడని న్యాయస్థాన మాజ్ఞాపించెను. 2006 లో ఆ దావా సాంకేతికకారణములచే ముగిసెనేగాని, గ్రామము లెవరివో తేలలేదు. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రప్రభుత్వము కొన్ని గ్రామములలో పంచాయతీ ఎన్నికలు జరుపగా ఒడిశా మరల న్యాయస్థానమునకు పోయినది.

ఈ పోటీఫలముగా అచ్చట రోడ్లు రెండు ప్రభుత్వములవి, రేషనుకార్డులు రెండు ప్రభుత్వములవి, బడులును రెండు ప్రభుత్వములవే. ఒక బడిలో తెనుగు, మరియొక బడిలో ఒడియా. మైదానములోని మన మిత్రు లొకరిద్దరు, "ఒక బడికే నోచుకొనని కొండపల్లె లెన్నో యుండగా రెండు బడులు గలవారి దదృష్టము కాదా?" యని మమ్ము నడిగిరి. ఈ ప్రశ్నకు సమాధానము బిడ్డ నోటనే యున్నది. ఆ గ్రామములలోని కోదుల యింటిభాష తెనుగు కాదు, ఒడియా కాదు, కువి. తల్లి యొడిలో నేర్చిన మాట ఏ బడిలోను వినబడనిచో, రెండు బడులున్నను ఆ బిడ్డకు ఒక బడియైన నున్నట్లు కాదు.

ఇది మేము క్రొత్తగా కనిపెట్టిన ధర్మము కాదు. 1956 లో రాజ్యాంగమునకు చేర్చిన 350-ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమికవిద్య మాతృభాషలో నందునట్లు చూడుడని రాష్ట్రముల నాదేశించుచున్నది. విద్యాహక్కు చట్టమును సాధ్యమైనంతవరకు మాతృభాషయందే బోధింపుమన్నది. ఈ సీమకే చెందిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరభాష నేర్చి, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించుటకై స్వంతధనముతో బడులు నడిపిరి. 1931 లో ఆ భాషకు వ్యాకరణమును, 1938 లో నిఘంటువును వెలయించిరి. వాడుకభాషావాదమున ఆయనతో విభేదించువారుకూడ ఈ సేవకు చేతులు మోడ్వకతప్పదు.

మరియొక సంగతి పాఠకులు గమనింపవలెను. సుమారు 2004 లో ఆంధ్రప్రదేశము ఎనిమిది గిరిజనభాషలలో ప్రాథమిక బోధన నారంభించెను. అందు కువి యున్నది. సుమారు 2007 లో ఒడిశా పది భాషలలో నట్టి యేర్పాటే చేసెను. అందును కువి యున్నది. అనగా సరిహద్దు విషయమున ఏకీభవింపని రెండు ప్రభుత్వములు బిడ్డ భాష విషయమున నెన్నడో ఏకీభవించినవి. ఆ ఏకీభావమును కొఠియా కొండలమీద నిలిపి, ఒకే బడిగా రూపొందించుటయే మిగిలిన పని.

మన తెనుగును వెనుకకు నెట్టుటయా యని కొందరు శంకింపవచ్చును. 1910 లో మచిలీపట్టణమున కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగారలు జాతీయకళాశాలను స్థాపించినది పరాయి చదువు జాతిని గుల్ల చేయుచున్నదనియే. 1937 లో వార్ధాలో గాంధీమహాత్ముని పిలుపుతో రూపొందిన విద్యాపథకము మాతృభాషనే బోధనకు పునాదిగా గొన్నది. ఆంగ్లముముందు మనము దేనిని హక్కుగా కోరితిమో, దానిని తెనుగుముందు కోదుబిడ్డ కోరుట తప్పెట్లగును? పైగా కువి తెనుగుతో తోబుట్టువు, ఒకే ద్రావిడశాఖలోనిది. చెల్లెలిని బడివాకిటనే ఆపి అక్కను మాత్రము లోనికి పిలుచుట ధర్మము కాదు.

కావలసినదేమి? సరిహద్దు వాదమునకు భంగము కలుగనట్టి ఒడంబడిక నొకదానిని విద్యవరకు ఇరు రాష్ట్రములును చేసికొనవలెను. మొదటి తరగతులు కువిలో నడువవలెను; తెనుగును, ఒడియాను భాషలుగా నేర్పవలెను; అయిదవ తరగతి దాటిన పిదప ఏ వైపు పోవుటకైన బిడ్డకు స్వేచ్ఛ యుండవలెను; ఒక వైపు పత్రమును మరియొక వైపు మారుమాట లేక అంగీకరింపవలెను. ఆ గ్రామముల యువకులకే ఉపాధ్యాయశిక్షణ నీయవలెను. విద్య ఉమ్మడి జాబితాలో నున్నది గనుక మధ్యవర్తిత్వము కేంద్రమునకు విధి. స్విట్జర్లాండులో 26 కాంటనులకు విద్యాధికారము వేర్వేరుగా నున్నను, పెక్కు కాంటనులు 2009 నుండి ఒడంబడికచేత చదువు మెట్లను సమానపరచుకొన్నవి. నాలుగు భాషల దేశము చేయగలిగినది రెండు పొరుగు రాష్ట్రములు చేయలేవా?

సాలూరు పెద్దలకును, చుట్టుపట్ల భూస్వాములకును ఒక మాట. కొండచింతపండు, పసుపు దిగివచ్చిన సంతరోజున ఆ జనమును మీరు చూచుచునే యున్నారు. లెక్క చదువనేరనివాడు తూకమున నష్టపోవుట మీకు తెలియని సంగతి కాదు. గ్రామము ఎవరిదో తేలుటకు 1968 నుండి ఇప్పటివరకు కాలము చాలలేదు. బిడ్డకు ఆరేండ్ల వయస్సు ఒక్క యేడే యుండును. శాసనసభ్యుల యెదుటను, కలెక్టరుగారి యెదుటను ఈ యొడంబడికను గూర్చి అర్జీ పెట్టు మొదటి చేవ్రాలు సాలూరునుండియే రావలెనని మా కోరిక.