పెరడు లేని యింట కూరగాయలు

'పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదు' అను సామెత మనకు గలదు. మన యిరుగుపొరుగు కన్నడిగులు 'హిత్తల గిడ మద్దల్ల' యని యదే మాట చెప్పుదురు. ఉభయులకును పెరడుండెను గనుకనే రెండు భాషలలోను సామెత పుట్టినది. నేడు బెంగళూరులోని మన విద్యార్థులలో పెక్కుమందికి ఆ సామెత బోధించుటకు ముందు పెరడనగానేమో చెప్పవలసివచ్చుచున్నది. ఇంటి వెనుక గోడ, గోడ వెనుక మఱియొక యిల్లు. అద్దెయింటి రెండు గదులకు ముందు మూడడుగుల బాల్కనీ యున్నచో నదియే భాగ్యము. పాదు, మడి, నారు, పందిరి యను మాటలు పాఠ్యపుస్తకములో మాత్రమే యుండి కంటికెన్నడును గానరానిచో, పిల్లల నోట నెన్నాళ్ళు నిలుచును? కూరగాయలను గూర్చి వ్రాయుటకు మమ్ము పురికొల్పినది ఈ చింతయే.

ఈ నగరము తోటపనికి క్రొత్తది కాదు. హైదరాలీ 1760 లో లాల్‌బాగునకు పునాది వేసెను. 1967 లో హెసరఘట్టయందు భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ నెలకొన్నది. ఆ చేరువను ప్రవహించు అర్కావతీ నది పేరిట, అచ్చటి వంగడములకు 'అర్క' యను పేరు ముందు చేర్చుదురు. పలుమారులు కోయదగిన అర్క సుగుణ తోటకూర, పల్లాకు తెగులును తట్టుకొను అర్క అనామిక బెండ అట్టివే. వ్యవసాయ విశ్వవిద్యాలయమున ఆచార్యులైన డాక్టర్ బి.ఎన్. విశ్వనాథ్ గారు మిద్దెలపై కూరగాయలు పండించు విద్యను నగరవాసులకు నేర్పి ప్రసిద్ధులైరి. 2011 లో 'ఊట ఫ్రమ్ యువర్ తోట' యను పేర మిద్దెతోటల సంతలు మొదలైనవి. కన్నడమున 'ఊట' యనగా భోజనము. మన పిల్లలు నీటియూట యనుకొని నవ్వుదురేమో! కాని యీ నగరమున నీటియూట సంగతియు నవ్వులాట కాదు. దానిని ముందు చెప్పెదము.

మొదట చూడవలసినది విత్తనము కాదు, ఎండ. టమాట, వంగ, మిరప వంటి కాయజాతులకు దినమునకు ఆరు గంటల యెండ కావలెను. ఆకుకూరలు మూడు నాలుగు గంటలతో సరిపెట్టుకొనును. బెంగళూరు 13 డిగ్రీల యుత్తర అక్షాంశమున నున్నది. ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతములందు మధ్యాహ్నమున సూర్యుడు సరిగా నడినెత్తి మీదికి వచ్చును. నిలువుగా నాటిన కఱ్ఱకు ఆ క్షణమున నీడయుండదు. ఆ రెండు దినములకు నడుమ మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరముననే యుండును. కావున ఉత్తరపు బాల్కనీకి ఆ నెలలలో ఉదయ సాయంకాలములందు ఎండ తగులును. అక్టోబరు మొదలు ఫిబ్రవరి వరకు దక్షిణపు బాల్కనీయే మేలు. భూగోళ పాఠమున నేర్చినది ఇంటిలో నిట్లు పనికివచ్చును. ఒక ఆదివారము గంటకొకమారు చూచి, ఎండ యెచ్చట నెంతసేపు నిలిచెనో సుద్దతో గుర్తుపెట్టుడు.

రెండవది బరువు. మిద్దెమీద తోట యనగానే ఇంటి యజమాని యడ్డు చెప్పుట సహజము, అతని భయమును న్యాయమే. ఎక్కి తిరుగదగిన మిద్దెను చదరపు మీటరునకు 150 కిలోల బరువు మోయునట్లు లెక్కగట్టుట మన దేశపు కట్టడ ప్రమాణము. ఒక ఘనపుటడుగు తడిమన్ను 45 కిలోలకు తక్కువ తూగదు. చదరపు మీటరు మేర అరడుగు లోతున మన్ను పోసినచో నెంతయగునో విద్యార్థులే గుణించి చూడుడు. 240 కిలోలు దాటును! కావున మిద్దెపై మన్ను పఱచుట కూడదు. కుండీలనే వాడవలెను, పెద్దవానిని గోడల మీదుగా, దూలముల మీదుగా ఉంచవలెను. అడుగున ఇటుకలు పెట్టినచో నీరు నిలువదు, చెమ్మ దిగదు. మట్టి యొక పాలు, కొబ్బరిపొట్టు ఒక పాలు, ఎరువు ఒక పాలు కలిపిన బరువు తగ్గును. కొబ్బరిపొట్టులో ఉప్పుండును, కడిగి వాడుట మంచిది. ఎరువు కొననక్కఱలేదు. కూరతొక్కులు, ఎండుటాకులు పొరలు పొరలుగా రంధ్రములున్న కుండలో వేసినచో రెండు మూడు నెలలలో నల్లని యెరువగును.

ఇక నీరు. బెంగళూరు త్రాగు కావేరి జలము సుమారు వంద కిలోమీటర్ల దూరమునుండి ఎత్తిపోయబడుచున్నది. 2024 మార్చిలో బోరుబావులెండినపుడు, త్రాగునీటిని తోటలకు వాడరాదనియు, వాడినవారికి 5,000 రూపాయల జరిమానా యనియు జలమండలి ఉత్తరువు చేసెను. బిందెకొఱకు పొరుగువారు వరుసలో నిలిచియుండగా మనము పుదీనాకు కుళాయినీరు పోయుట తగునా? తగదనియే మా యభిప్రాయము. బియ్యము, పప్పు, కూరలు కడిగిన నీరు ప్రతి యింట నుండును. పది కుండీలకు అది చాలవఱకు సరిపోవును. సబ్బునీరు మాత్రము వలదు. మొక్క మొదట ఎండుటాకులు కప్పినచో తడి త్వరగా ఆరిపోదు. వేసవిలో ఆ నీరును చాలనిచో, సగము కుండీలను ఖాళీగా నుంచుడు. తొలకరిలో మఱల విత్తవచ్చును.

ఏమి వేయవలెను? మెంతులు, ధనియాలు వంటింటి డబ్బాలోనే యున్నవి. ధనియాలను రెండు బద్దలుగా నలిపి చల్లవలెను. మెంతికూర మూడు వారములకు, తోటకూర నెలకు కోతకు వచ్చును. అంగడిలో కొన్న బచ్చలి, పుదీనా కాడలను గ్రుచ్చినను నాటుకొనును. బచ్చలిని కన్నడిగులు 'బసళె' యందురు. మన గోంగూర వారికి 'పుండి'. మాటలు వేఱైనను పులుపొక్కటే. చిక్కుడు తీగకు కిటికీ కమ్ములే పందిరి. దానికి పేనుబంక పట్టినచో లీటరు నీటిలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బుద్రవము కలిపి సాయంకాలము చల్లిన పోవును.

ఇంతచేసినను అంగడికి పోవుట మానునని తల్లిదండ్రులు తలపరాదు. బియ్యము, పప్పు, ఉల్లి కుండీలలో పండి యిల్లు గడుచుట కల్ల. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికాలో సుమారు రెండు కోట్ల యిండ్లవారు పెరటితోటలు వేసిరి. వారికిని పొలపు ధాన్యము లేక గడువలేదు. పది కుండీలనుండి వారమునకు రెండు పూటల ఆకుకూర వచ్చినచో బాగుగా పండినట్లే. మురికినీటి కాలువల ప్రక్కన పెరిగినదేమో యను శంక లేని కూర యగుటయే దాని విలువ.

గోంగూర మొక్కలలో నొకదానిని కోయక విడిచిపెట్టుడు. పగళ్ళు తగ్గిన పిమ్మట అది పూచి కాయలు గట్టును. కాయలు చెట్టుననే యెండిన తరువాత కోయవలెను. వానిపై నూగుండును, చేతికి గుచ్చుకొనును. గుడ్డతో పట్టుకొని నలుపుడు. గింజలను నీడలో ఆరబెట్టి, పొడిసీసాలో కొంచెము బూడిదతో కలిపి మూతబిగించుడు. సీసామీది చీటిపై పేరు రెండు లిపులలోను వ్రాయుడు. ఒక గుప్పెడు పొరుగింటివారికీయవచ్చును.