నిన్నటి క్రోసాంట్‌కి ఇంకో ఛాన్స్

మే నెల. ఆదివారం మధ్యాహ్నం 2 గంటలు. మియాపూర్‌లో మా ఫ్లాట్. వంటింట్లో థర్మామీటర్ 36 డిగ్రీలు చూపిస్తోంది. ఓటీజీ అద్దంలోంచి చూస్తే ట్రేలో ఆరు క్రోసాంట్లు, వాటి చుట్టూ కరిగిన వెన్న. అవి కాలుతున్నాయనడం కంటే వేగుతున్నాయనడమే కరెక్టు. అమ్మ వచ్చి తొంగి చూసి, ‘‘ఏంట్రా, పూరీలు ఓవెన్‌లో కూడా వేస్తారా?’’ అంది.

నాకు 28 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. వంటలో నా అనుభవం మ్యాగీ, ఆమ్లెట్, ఎప్పుడైనా టమాటా పప్పు. అలాంటివాడిని, ఎండాకాలంలో, హైదరాబాద్‌లో, పేస్ట్రీల్లోనే కష్టమైనదాన్ని ఎందుకు మొదలెట్టానంటే దానికో కారణం ఉంది. ఆ కారణం పక్క గదిలో తలుపు వేసుకుని కూర్చుంది. మా చెల్లి.

320 రూపాయల గొడవ

చెల్లి ఫ్రాన్స్‌లోని లియాన్‌లో మాస్టర్స్ చేసింది. వారమంతా క్లాసులు, శని ఆదివారాలు ఓ చిన్న బేకరీలో పార్ట్ టైమ్ పని. అక్కడ విదేశీ విద్యార్థులు ఏడాదికి 964 గంటల వరకు పని చేసుకోవచ్చు. చదువు అయిపోయింది. ఉద్యోగం రాలేదు. వెతుక్కోవడానికి ఇచ్చిన గడువు కూడా దాటింది. మార్చిలో రెండు సూట్‌కేసులతో వెనక్కి వచ్చేసింది. ఎడ్యుకేషన్ లోన్ మాత్రం అలాగే ఉంది. ఈఎంఐ ప్రతి నెలా 5వ తారీఖున నా అకౌంట్‌లోంచి కట్ అవుతుంది.

ఏప్రిల్‌లో ఓ సాయంత్రం డెలివరీ అబ్బాయి చిన్న డబ్బా ఇచ్చి వెళ్లాడు. లోపల ఒకే ఒక్క ఆల్మండ్ క్రోసాంట్. బిల్లు 320 రూపాయలు. ఆ రోజు నాకు ఆఫీసులో ప్రొడక్షన్ ఇష్యూ, తల వేడెక్కి ఉంది. నోటికొచ్చింది అనేశా. ‘‘ఒక్క బన్నుకి 320 రూపాయలా? ఈఎంఐ ఎవరు కడుతున్నారో గుర్తుందా నీకు?’’

చెల్లి ఏమీ అనలేదు. డబ్బా మూత పెట్టి ఫ్రిజ్‌లో పెట్టింది. మూడు రోజులు అది అక్కడే ఉంది. నాలుగో రోజు అమ్మ పడేసింది. ఆ తర్వాత చెల్లి ఏదీ ఆర్డర్ చేయలేదు. నాతో మాట్లాడటం కూడా ‘‘ఊ’’, ‘‘సరే’’ దగ్గర ఆగిపోయింది. ‘సారీ’ అని వాట్సాప్‌లో నాలుగుసార్లు టైప్ చేసి, నాలుగుసార్లు డిలీట్ చేశా. పక్క గదిలో ఉన్న మనిషికి మెసేజ్ ఏంటి అనిపించింది. అలాగని ఎదురుగా వెళ్లి చెప్పే ధైర్యమూ లేదు. అదే నేను చేసి పెడితే? అలా పుట్టింది ఈ ఐడియా.

వెన్నే హీరో, వెన్నే విలన్

ముందు కాస్త చదువుకున్నా. క్రోసాంట్ అంటే ఫ్రాన్స్ అనుకుంటాం కానీ దాని మూలం ఆస్ట్రియాలో ఉంది. వియన్నాలో నెలవంక ఆకారంలో ‘కిప్‌ఫెర్ల్’ అనే బన్ను చాలాకాలం నుంచీ ఉంది. ఆగస్ట్ జాంగ్ అనే ఆస్ట్రియన్ 1830ల చివర్లో పారిస్‌లో వియన్నా తరహా బేకరీ తెరిచాడు. దాంతో ఆ రుచి పారిస్ వాళ్లకి అలవాటైంది. ఇప్పుడు మనం తినే పొరల క్రోసాంట్ మాత్రం ఆ తర్వాత ఫ్రెంచ్ బేకర్ల చేతుల్లో తయారైందే. 1683లో టర్కీ సేనల మీద గెలుపుకి గుర్తుగా దీన్ని చేశారనే కథ నెట్‌లో తెగ తిరుగుతుంది. దానికి ఆధారాలు లేవు.

అసలు టెక్నిక్ చెప్పుకోవడానికి సింపులే. ఈస్ట్ వేసిన మైదా ముద్ద మధ్యలో వెన్న పలక పెట్టి, ఒత్తి, మూడు మడతలు వేయాలి. మళ్లీ ఒత్తి మళ్లీ మడత. ఇలా మూడుసార్లు. 3×3×3, అంటే 27 వెన్న పొరలు. ఓవెన్ వేడికి వెన్నలోని నీరు ఆవిరై పొరల్ని పైకి లేపుతుంది. వెన్న పొర పొరకీ మధ్య విడిగా ఉన్నంతసేపే ఈ మ్యాజిక్. కరిగి పిండిలో కలిసిపోతే మిగిలేది బన్నే.

వెన్న 32 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికే బాగా మెత్తబడి కారడం మొదలవుతుంది. మా వంటిల్లు 36. ఇంజినీరింగ్ చదివినవాడికి ఈ లెక్క ముందే తట్టాలి. నాకు ట్రేలో ఈత కొడుతున్న క్రోసాంట్లని చూశాక తట్టింది. పైగా నేను వాడింది బ్రెడ్డుకి రాసుకునే ఉప్పు వెన్న. ముక్క నోట్లో పెట్టుకుంటే ఉప్పు బిస్కెట్టులా ఉంది.

అమ్మ మాత్రం ఆ ముక్కని రెండు వేళ్లతో విడదీసి చూసింది. ‘‘ఇది మడత కాజా లాంటిదే కదరా. పొరలన్నీ అతుక్కుపోయాయి’’ అంది. అమ్మమ్మ వాళ్ల ఊరు మండపేట దగ్గర. తాపేశ్వరం కాజా అక్కడికి కూతవేటు దూరం. పలచగా ఒత్తిన మైదా రేకు మీద నెయ్యి, పిండి రాసి, చుట్ట చుట్టి, ముక్కలు కోసి, ఒత్తి వేయిస్తారు. పొర పొరకీ మధ్య కొవ్వు ఉండాలి, కలవకూడదు అన్న సూత్రం మా ఇంట్లో ఎప్పట్నుంచో ఉంది. నేను ఫ్రెంచ్ వీడియోల్లో వెతుక్కుంటున్నా. ‘‘తెల్లారుజామున చెయ్యి. ఎండెక్కాక పొరలు నిలబడవు’’ అని అమ్మ తేల్చేసింది.

తెల్లారి నాలుగున్నర

రెండో ట్రయల్‌కి కొలతలు మార్చా. ఎనిమిది క్రోసాంట్లకి ఇవి: మైదా 250 గ్రాములు, చల్లటి పాలు 140 మిల్లీలీటర్లు, పంచదార 30 గ్రాములు, ఉప్పు 5 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ 5 గ్రాములు, పిండిలో కలపడానికి వెన్న 20 గ్రాములు. మధ్యలో పెట్టే పలకకి 130 గ్రాముల ఉప్పు లేని వెన్న. శుక్రవారం రాత్రి పిండి కలిపి ఫ్రిజ్‌లో పెట్టేశా. వెన్నని బటర్ పేపర్ మధ్య పెట్టి 15 సెంటీమీటర్ల చదరంగా ఒత్తి, అదీ ఫ్రిజ్‌లోనే.

శనివారం తెల్లారి నాలుగున్నరకి హాల్లో ఏసీ 20లో పెట్టి, డైనింగ్ టేబుల్ మీద మొదలెట్టా. పిండిని 15×30 సెంటీమీటర్లు ఒత్తి, వెన్న పలకని సగం మీద పెట్టి, మిగతా సగంతో కప్పి, అంచులు నొక్కా. అప్పడాల కర్ర వేశానో లేదో లోపల టక్ మని చప్పుడు.

‘‘ఆపు.’’

తల తిప్పితే తలుపు దగ్గర చెల్లి. బేకరీలో రెండేళ్లు తెల్లారి నాలుక్కి లేచిన అలవాటు ఇంకా పోలేదంట. ‘‘వెన్న విరిగింది. రాయిలా ఉంటే ముక్కలవుతుంది, మెత్తబడితే కలిసిపోతుంది. అయిదు నిమిషాలు ఆగు. వేలితో నొక్కితే గుంట పడాలి, వంచితే వంగాలి. అప్పుడు ఒత్తు.’’

మూడు వారాల్లో చెల్లి నాతో మాట్లాడిన మొదటి పెద్ద డైలాగ్ ఇది. సబ్జెక్ట్ వెన్న అయినా ఫర్వాలేదు.

ఆ తర్వాత కర్ర తన చేతికి వెళ్లిపోయింది. 45 సెంటీమీటర్ల పొడవు ఒత్తి, ఉత్తరం మడిచినట్టు మూడు మడతలు. ఫ్రిజ్‌లో 40 నిమిషాలు రెస్టు. పిండిని పావు వంతు తిప్పి మళ్లీ ఒత్తడం, మళ్లీ మడత. మూడుసార్లు. మూడో మడత అయ్యాక గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచి, 45×25 సెంటీమీటర్ల షీట్‌గా ఒత్తాం. మందం నాలుగైదు మిల్లీమీటర్లు. అడుగు భాగం 10 సెంటీమీటర్లు ఉండేలా ఎనిమిది త్రికోణాలు కోసి, అడుగు నుంచి కొసకి చుట్టేశాం. గిన్నెలో మిగిలిన పిండి చూసి నేను ‘‘క్రోసాంట్లు అయిపోయాయి’’ అంటే, ‘‘క్రోసాంట్ కాదన్నయ్యా, చివరి అక్షరాలు పలకరు. క్వాసాఁ’’ అంది. నేను నాలుగుసార్లు ప్రయత్నించా. తుమ్ము వచ్చినట్టు ఉందని అమ్మ లోపల్నుంచి అరిచింది.

పొంగడానికి ట్రేని 25 డిగ్రీల గదిలో రెండున్నర గంటలు ఉంచాం. ట్రే కదిపితే జెల్లీలా ఊగితే రెడీ అయినట్టు. పైన గుడ్డు సొన పూసి, 200 డిగ్రీల్లో 10 నిమిషాలు, 180కి తగ్గించి ఇంకో 10 నిమిషాలు. ట్రేలో వెన్న చెరువు లేదు. కోస్తే లోపల తేనెపట్టు గదుల్లా ఉంది. అక్కడక్కడా అతుక్కున్నాయి కానీ, మొదటిసారి దాంతో పోలిస్తే ఇది డిస్టింక్షన్.

ఇవాళ కాదు, రేపు

ఊపు మీద బాదం పొడి డబ్బా తీశా. చెల్లి పట్టుకుని లాగేసింది. ‘‘ఇవాళ కాదు. రేపు.’’

నాకు తెలియని విషయం అదే. ఆల్మండ్ క్రోసాంట్‌ని తాజా వాటితో చేయడం కాదు అసలు పద్ధతి. ఫ్రెంచ్ బేకరీల్లో ముందు రోజు అమ్ముడుపోక మిగిలి, కాస్త ఎండిన క్రోసాంట్లని పారేయకుండా వాడుకోవడానికి వచ్చిన ఐటమ్ ఇది. ఎండింది కాబట్టే పాకం పీల్చుకుంటుంది. తాజాది అయితే నానిపోయి ముద్దవుతుంది. ‘‘మిగిలిన ఇడ్లీలతో ఉప్మా చేసినట్టన్నమాట’’ అంది అమ్మ. కరెక్టు.

‘‘పనిలో చేరిన కొత్తలో ఓనరమ్మని అడిగా’’ అంది చెల్లి. ‘‘మిగిలిపోయినవాటికి మామూలు వాటికంటే రేటు ఎక్కువేంటి అని. ‘అది రెండుసార్లు ఓవెన్‌లోకి వెళ్లొచ్చింది కదా’ అని నవ్వింది.’’

ఆ మాట అన్నాక కాసేపు ఎవరం మాట్లాడలేదు.

ఆదివారం పొద్దున మిగతా పని. బాదం క్రీమ్ లెక్క ప్రోగ్రామర్లకి నచ్చే లెక్క. నాలుగూ సమానం. మెత్తబడిన వెన్న 100 గ్రాములు, పంచదార 100 గ్రాములు, బాదం పొడి 100 గ్రాములు, గుడ్లు రెండు. ఒక చెంచా మైదా, చిటికెడు ఉప్పు. బాదం మిక్సీలో వేసేటప్పుడు ఆ పంచదారలోంచి కొంత కలిపి, ఆపి ఆపి తిప్పాలి. ఒకటే తిప్పుడు తిప్పితే నూనె వదిలి ముద్దయిపోతుంది. పాకానికి 100 మిల్లీలీటర్ల నీళ్లు, 50 గ్రాముల పంచదార మరిగిస్తే చాలు, తీగ పాకం అక్కర్లేదు. అక్కడ అందులో కాస్త రమ్ వేస్తారంట. మా అమ్మ వంటింట్లో వెనీలాతో సరిపెట్టుకున్నాం.

క్రోసాంట్‌ని అడ్డంగా కోసి, లోపలి వైపులకి పాకం పూసి, రెండు చెంచాల క్రీమ్ పెట్టి మూయాలి. పైన ఇంకో చెంచా క్రీమ్ రాసి, బాదం పలుకులు చల్లి, 175 డిగ్రీల్లో 20 నిమిషాలు.

పాకం పూస్తూ, ప్లేట్ వైపే చూస్తూ అన్నా. ‘‘ఆ రోజు అలా అనకుండా ఉండాల్సింది.’’

‘‘అనేశావు కదా’’ అంది. ‘‘విన్నాను కూడా.’’ బ్రష్ గిన్నెలో పెట్టింది. ‘‘ఆ రోజే ఓ కంపెనీ నుంచి రిజెక్ట్ మెయిల్ వచ్చింది. మూడు రౌండ్లు అయ్యాక. అక్కడ అలాంటి మెయిల్ వచ్చిన రోజు, షాపు మూసే టైముకి ఇది ఒకటి తినేదాన్ని. అందుకే తెప్పించుకున్నా. 320 అని నాకూ తెలుసు. రెండు రోజులు ఆలోచించే ఆర్డర్ చేశా.’’

నాకు మాట రాలేదు. ఈఎంఐ నేను కడుతున్నానన్నది నిజమే. కానీ అది గుర్తు చేయాల్సిన అవసరం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అందరికంటే తక్కువ అవసరం తనకి. 5వ తారీఖు వస్తే నాకంటే ముందు తనకే నిద్ర పట్టదంట. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది. ‘‘సారీ’’ అన్నా. ఈసారి డిలీట్ బటన్ లేదు.

‘‘సరేలే. క్రీమ్ అంచుల దాకా రాయకు, కారిపోతుంది’’ అంది.

లెక్కలో రానిది

వెన్న, బాదం, గుడ్లు, మైదా అన్నీ కలిపి లెక్కేస్తే ఇంట్లో ఒక్కోటి 50 రూపాయల లోపే పడింది. కానీ శుక్రవారం రాత్రి నుంచి ఆదివారం పొద్దుటి దాకా మేమిద్దరం, ఒక ఏసీ, ఒక ఫ్రిజ్ పనిచేశాం. ఆ లెక్క వేశాక 320 ఎక్కువని అనడం మానేశా.

మీకు ఒకటిన్నర రోజుల ఓపిక లేకపోతే ఓ షార్ట్‌కట్ చెప్తా. బేకరీలో మామూలు బటర్ క్రోసాంట్లు కొనండి. ఒక రోజు కవర్ తీసి బయట పెట్టండి. మర్నాడు పాకం, బాదం క్రీమ్ మీరు చేసుకోండి. గంటలోపు అయిపోతుంది. రుచిలో పెద్ద తేడా రాదు. నేనైతే ఇలా చేసుకోవడమే తెలివైన పని అంటాను. కానీ తెల్లారి నాలుగున్నరకి ఎవరైనా తలుపు దగ్గరికి వచ్చి ‘ఆపు’ అనాలంటే మాత్రం పిండి దగ్గర్నుంచి మొదలెట్టాలి.

చెల్లికి ఉద్యోగం ఇంకా రాలేదు. ఇంటర్వ్యూలు నడుస్తున్నాయి. ఈఎంఐ 5వ తారీఖున కట్ అవుతూనే ఉంది. మారిందల్లా పక్క గది తలుపు. ఇప్పుడది తీసే ఉంటోంది.

మొన్న ఆఫీసు నుంచి లేటుగా వచ్చి ఫ్రిజ్ తెరిచా. చిన్న డబ్బాలో ఒక్క క్రోసాంట్, మూత మీద పసుపు రంగు స్టిక్కీ నోట్. చెల్లి చేతిరాత.

‘నీకే. పడేయొద్దని అమ్మకి చెప్పా.’