కృష్ణాతీర సాహిత్య పరిశోధన: ఆకరములు, వాని వినియోగము

సిద్ధాంత గ్రంథమునకు విషయము నెన్నుకొనునపుడు విద్యార్థులు సాధారణముగా ఏ కవిని గూర్చి వ్రాయుదుమా అని యోచింతురు. అంతకంటె ముందుగా యోచింపవలసినది వేరొకటి కలదు. ఆ విషయమునకు మూలసామగ్రి యెచ్చట నున్నది? దానిని మనము స్వయముగా చూడగలమా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము లభింపని విషయము ఎంత రమ్యమైనను పరిశోధనకు చాలదు. విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతములకు సంబంధించిన ఆకరములను నాలుగు తెగలుగా గైకొని, వానిని వినియోగించుకొను పద్ధతిని ఇందు వివరింతుము.

మొదటి తెగ శాసనములు. బెజవాడ యుద్ధమల్లుని శాసనము నన్నయకు పూర్వపు పద్యరచనకు ప్రముఖ సాక్ష్యము. అందలి పద్యములు మధ్యాక్కరలు. కుమారస్వామి ఆలయ నిర్మాణము అందలి విషయము. అది 9వ శతాబ్ది చివరిదా, 10వ శతాబ్ది పూర్వార్ధమునదా యను చర్చ ఆ యుద్ధమల్లుడు ఎవడను నిర్ణయముపై ఆధారపడియున్నది. విద్యార్థులు పెక్కుమంది ఇట్టి శాసనములను పాఠ్యసంకలనములనుండియే ఉదాహరింతురు. సంకలనకర్తలు చదువరుల సౌకర్యమునకై ప్రాచీన లిపిరూపములను సవరించి ముద్రించుట కలదు. తొలి శాసనములలో కానవచ్చు 'ఴ'కారము పిమ్మట డకారముగనో మరియొక వర్ణముగనో మారినది. సవరించిన పాఠమునుబట్టి భాషాపరిణామమును నిరూపింప బూనుట ఇసుకపై గోడ కట్టుటయే యగును. ఎపిగ్రాఫియా ఇండికా, దక్షిణ భారత శాసన సంపుటములు మొదలగు మూలప్రచురణములను, వీలైనచో శాసనపు అచ్చుప్రతిబింబమును సంప్రదింపవలెను.

రెండవ తెగ తాళపత్రములు. ప్రాంతీయ కవిని గూర్చిన సామగ్రి ఆ ప్రాంతముననే యుండునను భ్రమ ఇచట తొలగిపోవును. మొవ్వ గోపాలుని ముద్రతో పదములు రచించిన క్షేత్రయ్య కృష్ణాతీరమువాడే. కాని ఆయన పదములు తంజావూరు నాయకరాజుల యాస్థానమునకును, నాట్యకళాకారిణుల కంఠములకును ఎక్కినవి. కావున ఆయనపై పనిచేయువారు మొవ్వ చూచి తృప్తిపడరాదు. తంజావూరు సరస్వతీమహలు, చెన్నపట్టణపు ప్రాచ్యలిఖిత గ్రంథాలయము దర్శింపవలెను. పాడుకలో నిలిచిన పదమునకు ఏకైక శుద్ధపాఠ ముండుట అరుదు. పాఠభేదములను దోషములుగా త్రోసివేయక, ఏ పరంపరలో ఏ పాఠము కలదో నమోదు చేయుటయే అచట పరిశోధన.

మూడవ తెగ ముద్రిత గ్రంథములు, పత్రికలు. ఈ ప్రాంతపు నిజమైన సంపద యిదియే. మచిలీపట్టణమున 1902లో వెలసిన కృష్ణాపత్రికకు ముట్నూరి కృష్ణారావుగారు 1907నుండి 1945వరకు సంపాదకులు. ఎలకుర్రులో జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో ఆంధ్రపత్రికను, 1924లో భారతిని స్థాపించిరి. విజయవాడలో 1914లో జరిగిన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమునకు పునాది యయ్యెను. అయ్యంకి వెంకటరమణయ్యగారి జీవితకృషి ఇచట స్మరణీయము. ఆ యుద్యమకాలమున, 1918లో, వెలసినదే వేటపాలెము సారస్వత నికేతనము. పాత పత్రికల సంపుటములకై పరిశోధకులు నేటికిని దానిని వెదకికొనుచు పోవుదురు.

నాలుగవ తెగ సిద్ధాంత గ్రంథములు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడలోనే ఆరంభమై తరువాత విశాఖకు తరలినది. అనంతరము 1976లో నాగార్జున విశ్వవిద్యాలయము, 2008లో మచిలీపట్టణమున కృష్ణా విశ్వవిద్యాలయము ఏర్పడినవి. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించు శోధగంగలో సిద్ధాంత గ్రంథములను ఇంటనుండియే చదువవచ్చును. కాని పూర్వపు గ్రంథము లన్నియు అందు చేరలేదు. శోధగంగలో లేదు కనుక ఈ విషయముపై ఎవరును పనిచేయలేదని పీఠికలో వ్రాయుట సాహసము. ఆయా విశ్వవిద్యాలయ గ్రంథాలయముల పట్టికలను చూడక ఆ మాట అనరాదు.

ఇక వినియోగమున పొరపాట్లకు తావైన మూడు తావులను సూచింతుము.

ఒకటి, దేశపరిమితి. 'కృష్ణా జిల్లా కవులు' అను శీర్షిక సులభముగా తోచును. కాని ఏ కృష్ణా జిల్లా? 1859లో ఏర్పడిన జిల్లాలో గుంటూరు చేరియుండెను. అది 1904లో విడిపోయినది. 1925లో పశ్చిమగోదావరి వేరయినది. 2022లో విజయవాడ ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. కనుక ఒక పాత గ్రంథమున 'కృష్ణా మండల వాస్తవ్యుడు' అని యున్నంతమాత్రమున ఆ కవి నేటి జిల్లావాడు కాడు. ఏ సంవత్సరపు ఎల్లలను గైకొనుచున్నారో తొలి యధ్యాయముననే చెప్పవలెను.

రెండు, కాలగణనము. పాత ముఖపత్రములపై తెలుగు సంవత్సరనామము మాత్రమే యుండుట కలదు. రుధిరోద్గారికి సరియైనది 1923 అని పట్టికలు చూపును. కాని ఆ సంవత్సరము 1923 వసంతమునుండి 1924 వసంతమువరకు నడచినది. భారతి వెలువడిన 1924 జనవరి రుధిరోద్గారిలోనిదే. మాసమును కూడ చూడక మార్చినచో ఒక యేడు తప్పును. ఇద్దరు కవులలో ఎవరు ముందు వ్రాసిరను వాదమున ఆ యేడే తీర్పు చెప్పును.

మూడు, యంత్రసహాయము. అంతర్జాలమున లభించు ప్రతిబింబములు మహోపకారము చేయుచున్నవి. అయినను పాత అచ్చులోని అరసున్నలను, బండి ఱకారమును యంత్రము సరిగా చదువలేకపోవుట కలదు. అదిగాక 'ఆంధ్ర' యని వెదకినచో 'ప్రాచీనాంధ్ర' అను చోట సంధివలన అది చిక్కదు. వెదకగా దొరకలేదనుట లేదనుటకు ప్రమాణము కాదు, పుటలు త్రిప్పవలసినదే.

ఇంత శ్రమ ఏల యను వారికి మా సమాధానమిది. ఆ కాలపు పత్రికల కాగితము పెక్కుచోట్ల పసుపువారి, మడతల కడ విరిగిపోవుచున్నది. నేడు చేతికందిన సంచిక పదియేండ్లకు అందకపోవచ్చును. పూర్వగ్రంథములోని ఉదాహరణమునే మరల ఎత్తివ్రాసిన సిద్ధాంత గ్రంథము పట్టము నీయగలదు గాని జ్ఞానమును పెంపదు. మూలమును చూచి, సంచిక, మాసము, పుటసంఖ్య, ప్రతి యున్న తావు తెలిపిన చిన్న అనుబంధము, గ్రంథకర్త అభిప్రాయములు పాతబడిన పిమ్మటను పనికివచ్చును. పర్యవేక్షకులు ప్రతి విద్యార్థిచేతను అట్టి పట్టిక నొకటి సిద్ధము చేయించినచో, ఈ తీరపు వాఙ్మయము కొంతయైనను కాలగర్భమున గలియకుండ నిలుచును.